కరివేపాకు కూడా మొక్కే

నేను రిటైరైన దగ్గర్నుంచి మనవాళ్ల పిల్లలు తరచూ ఫోన్ చేస్తున్నారు. అక్కడ అగ్రికల్చర్ చదివి, ఇక్కడ జర్మనీలో మాస్టర్స్ చేస్తున్నవాళ్లు. "అంకుల్, మీ లైన్‌లోకి వద్దామనుకుంటున్నాం, ఎలా ఉంటుంది?" అని అడుగుతారు. నా లైన్ అంటే వైద్యానికి వాడే గంజాయిని లైసెన్సు మీద పండించడం. అడిగేటప్పుడు వాళ్ల గొంతులో ముసిముసి నవ్వు వినబడుతుంది. అందులో తప్పేమీ లేదు. ఆ పనిలో నవ్వుకోదగ్గ సంగతులు చాలానే జరిగాయి, కాకపోతే వాటిలో ఎక్కువ భాగం నా మీదే జరిగాయి.

మా నాన్న గుంటూరు జిల్లాలో మిరప వేసేవాడు. నేను హైదరాబాద్ శివార్లలో గులాబీల పాలీహౌసుల్లో మొదలుపెట్టి, హాలండ్‌లో క్యాప్సికం పండించి, చివరికి జర్మనీలో గంజాయి దగ్గర తేలాను. మా మేనమామకి ఈ సంగతి తెలిసిన రోజే ఫోన్ చేశాడు. "ఇక్కడ ఆ మొక్కతో దొరికితే లోపలేస్తారు. అక్కడ జీతమిచ్చి మరీ లోపలేస్తారట్రా?" అన్నాడు. ఆయన అన్నది అబద్ధం కాదు. కైసర్స్‌లౌటర్న్‌కి అరగంట దూరంలో కిటికీ ఒక్కటి కూడా లేని కాంక్రీటు భవనం మాది. తలుపు మీద తలుపు, కెమెరా మీద కెమెరా. చుట్టాలందరికీ మా ఆవిడ భారతి "మందుల కంపెనీ" అని చెప్పేది. నేనూ దిద్దేవాణ్ణి కాదు.

అసలు పని

లోపల ఏం చేస్తామని అందరూ అడుగుతారు. ఎక్కువగా బట్టలు మార్చుకుంటాం. వేసుకొచ్చినవన్నీ విప్పి, కంపెనీ బట్టలు వేసుకుని, జుట్టుకి వల, గడ్డానికి వల, మూతికి మాస్కు, చేతులకి గ్లవ్స్. కరోనా వచ్చి ఊరు ఊరంతా మాస్కులు కట్టుకున్నప్పుడు నేను సీనియర్ పోజు కొట్టాను. మా మెట్ల మీద కనబడిన ప్రతివాడికీ మాస్కు ముక్కు మీదికి ఎలా లాగాలో చెప్పాను. మా బిల్డింగులో నాకు నమస్కారాలు తగ్గింది ఆ రోజుల్లోనే.

ఈ పంటను విత్తనం నుంచి తీయం. మంచి గుణమున్న మొక్కల్ని కొన్నింటిని ఒక గదిలో పెంచుతాం, వాటిని తల్లి మొక్కలంటాం. వాటి కొమ్మలు కత్తిరించి, వేళ్లు తెప్పించి, ఆ పిల్లల్ని పూల గదిలోకి పంపుతాం. ప్రతి డబ్బాలోనూ మందు ఒకేలా ఉండాలి కాబట్టి ఈ తిప్పలన్నీ. తల్లి గది బాగుంటే మిగతావన్నీ ఎలాగో సర్దుకుంటాయి. తల్లి గదిలో పురుగు పడితే కంపెనీ మొత్తానికి నిద్ర ఉండదు. ఆ పువ్వే మందు, ఆవిరిగా రోగి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది కనుక పురుగుమందు కొట్టే మాటే లేదు. మిరప చేలో డబ్బా భుజాన వేసుకుని పెరిగిన నాకు ఇది చేతులు కట్టేసి ఈత కొట్టమన్నట్టుండేది.

ఫ్రావ్ కెలర్

నా పై అధికారి ఫ్రావ్ కెలర్, మన లెక్కన కెలర్ మేడమ్. నాణ్యత ఆవిడ బాధ్యత, పంట నా బాధ్యత, గొడవ వస్తే ఆవిడ మాటే చెల్లుబాటు. నవ్వడం ఆవిడకి రాదని మొదట్లో అనుకున్నాను. తర్వాత తెలిసింది, వచ్చుగాని ఆఫీసుకి తీసుకురాదు.

చేరిన కొత్తలో ఆరబెట్టే గదిలో ఒక కాడను వేళ్ల మధ్య విరిచి, ఆ చప్పుడు విని, "అయిపోయింది, దించేయొచ్చు" అన్నాను. మా వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్లలో పెద్దవాళ్లు అలాగే చెప్పేవారు.

"ఎలా తెలుసు?" అంది ఫ్రావ్ కెలర్.

"అనుభవం."

"హెర్ రావు, మీ అనుభవాన్ని నేను లాబ్‌కి పంపలేను."

మీటర్ పెట్టి చూస్తే తేమ ఇంకా ఉంది. దించి డబ్బాల్లో పెట్టి ఉంటే బూజు పట్టేది. అందరి ముందూ అన్నందుకు నాకు వారం పాటు కోపం ఉంది, ఆవిడకి మాత్రం ఆ సంగతి గుర్తు కూడా లేదు. మీకు ఇలాంటి పై అధికారి దొరికితే వదులుకోకండి. తియ్యగా మాట్లాడి తప్పును పోనిచ్చేవాళ్ల దగ్గర నేను హాలండ్‌లో చాలాకాలం చేశాను, అక్కడ నేర్చుకున్నది తక్కువ.

నా నియమం

ఆవిడ చేత శభాష్ అనిపించుకోవాలని నేను ఒక నియమం పెట్టాను. మా దగ్గర పనిచేసేవాళ్లెవరూ ఇంట్లో మొక్కలు పెంచకూడదు. మా రంగంలో ఇది కొత్తేమీ కాదు, చాలా చోట్ల ఉన్నదే. కాని నేను దాన్ని ఒక ఉపన్యాసంగా తయారుచేసుకున్నాను. "మొక్క ఉంటే పురుగు ఉంటుంది. పురుగుకి బస్సు టికెట్ అక్కర్లేదు, మీ చొక్కా చాలు." ఈ ముక్క నాకెంతో నచ్చేది. కొత్తవాళ్లెవరు చేరినా వినిపించేవాణ్ణి.

నియమం ఇంట్లో కూడా గట్టిగా అమలుచేశాను. భారతి ఒక తులసి మొక్క తెచ్చుకుంటానంటే ఒప్పుకోలేదు.

"దేవుడి మొక్కండీ," అంది.

"దేవుడిదైనా మొక్క మొక్కే," అన్నాను.

ఫ్రావ్ కెలర్ నన్నూ అడిగింది, మీ ఇంట్లో ఏమైనా ఉన్నాయా అని. ఏమీ లేవన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా మనసులో ఏ దొంగతనమూ లేదు. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి, ముందు ముందు నమ్మడం కష్టమవుతుంది.

దనూతా అనే పోలండ్ ఆవిడ మా తల్లి గదిలో చేరింది కరోనా వచ్చిన ఏడాది చలికాలం మొదట్లో. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. వాళ్లాయన రెస్టారెంట్‌లో వంటవాడు, రెస్టారెంట్లన్నీ మూసేసి ఉన్నాయి, కనుక ఇల్లు ఆవిడ జీతం మీదే నడుస్తోంది. ఇక్కడ కొత్త ఉద్యోగానికి ఆరు నెలల ప్రొబెత్సైట్ ఉంటుంది. ఆ లోపు తీసేయాలంటే కారణం కూడా చెప్పక్కర్లేదు.

ఫిబ్రవరిలో మళ్లీ నా ఉపన్యాసం వినిపించి ఒక్కొక్కరినీ అడిగితే, దనూతా ఒక్కతే నిజం చెప్పింది.

"కిటికీలో టమాటా నారు పోశాను. మా అమ్మమ్మ విత్తనం."

"తీసేయండి."

"ఇంకా ఇంతే ఉన్నాయి," అని వేలు చూపించింది.

"పెద్దవయ్యేదాకా ఆగుదామా?" అన్నాను. అక్కడున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడు దనూతా ఖాళీ కుండీల ఫోటో ఫోన్‌లో చూపించి తన పని తను చేసుకుంది. నేను అడగలేదు, తనే చూపించింది.

తాడు కట్టిన సంచి

ఇదంతా జరుగుతున్నప్పుడు కైసర్స్‌లౌటర్న్‌లో రెండో అంతస్తులో మా ఇంట్లో ఒక కరివేపాకు ఉంది. నా భుజం దాకా పెరిగింది. ఎండాకాలం బాల్కనీలో, చలికాలం హాల్లో కిటికీ దగ్గర, గది వేడిచేసే హైట్సుంగ్ పక్కన.

మొదటి లాక్‌డౌన్‌లో ఏషియన్ షాపుకి కరివేపాకు రావడం ఆగిపోయింది. మా ఇంట్లో ఉందన్న వార్త ఎలా పాకిందో గాని, యూనివర్సిటీలో చదివే మన పిల్లలు బాల్కనీ కింద నిలబడి పిలిచేవారు. "అంకుల్, రెండు రెమ్మలియ్యరా? పప్పుచారు చప్పగ ఉంటున్నది," అని వరంగల్ అమ్మాయి ఒకతె అడిగేది. పైకి రానివ్వకూడదు కదా. తాడుకి సంచి కట్టి కిందికి దింపేవాణ్ణి. వాళ్లు ఆకు తీసుకుని, షాపుల్లో కరువైనవేవో ఆ సంచిలో పెట్టి పంపేవారు. ఒకసారి గోధుమపిండి, ఒకసారి ఈస్టు, ఒకసారి ఏకంగా టాయిలెట్ పేపర్ కట్ట. బాల్కనీలో నిలబడి దాన్ని పైకి లాగుతుంటే ఎదురింటి ముసలాయన కళ్లప్పగించి చూశాడు. నా జీవితంలో ఇంత పరపతి ఎప్పుడూ అనుభవించలేదు.

ఆ ఏడాది చలికాలంలో ఆకుల మీద సన్నటి తెల్ల చుక్కలు వచ్చాయి. ఇనుము తక్కువైందనుకున్నాను. కంపెనీలో నీళ్లలో ఏ లవణం ఎంతుందో కొలిచి కొలిచి పోసే మనిషిని, ఇంటికొచ్చి పుల్లమజ్జిగ పోశాను. మా అమ్మ అదే చేసేది.

నల్లి

మార్చిలో తల్లి గదిలో దనూతా ఒక ఆకు తిప్పి చూపించింది. అడుగున చుక్కలు, సన్నటి దారాలు. ఎర్రనల్లి. మెడలో వేలాడే భూతద్దంతో చూశాను. ఆ భూతద్దం నా హోదా, తాడు కట్టుకుని ఎప్పుడూ మెడలోనే ఉంచుకునేవాణ్ణి. అందరూ తమ వస్తువులు లాకర్లో పెట్టి లోపలికొస్తారు. నాది పనిముట్టు కనుక నాతోపాటే వచ్చేది.

ఎవరు తెచ్చారన్నది ప్రశ్న. నా బుర్రకి జవాబు వెంటనే దొరికింది. ఇంట్లో మొక్కలున్నాయని ఒప్పుకున్నది ఒక్క దనూతా. నల్లిని మొదట చూసింది కూడా తనే. నిజం చెప్పినందుకూ, పని సరిగ్గా చేసినందుకూ కలిపి తనమీదే అనుమానం పెట్టుకున్నాను. ఇలాంటి తర్కం మేనేజర్లకే సాధ్యం.

ఫ్రావ్ కెలర్ సూటిగా చెప్పింది. "ఆవిడ ప్రొబెత్సైట్ వచ్చే నెలతో అయిపోతుంది. కారణం ఆవిడే అని పంట అధిపతిగా మీరు అంటే, ఇప్పుడే పంపించేస్తాం. దనూతా ఎదురుగానే చెప్పండి. వెనకాల చెప్పడం నాకు ఇష్టం లేదు."

దనూతా ఇంట్లో వేరే జీతం లేదని నాకు తెలుసు. జాలి వేసింది. కాని ఆ జాలి కన్నా నా నియమం మీద నాకు ప్రేమ ఎక్కువ. ఏం చెప్పాలో నిర్ణయించుకునే ఉన్నాను.

మీటింగు

సరిగ్గా అప్పుడే భారతి పనిచేసే కీటా అనే చిన్నపిల్లల బడి వంటగదిలో ఒకరికి పాజిటివ్ వచ్చి, మా ఇద్దర్నీ క్వారంటైన్‌లో పెట్టారు. కాబట్టి మీటింగు వీడియోలో. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మొహం బాగా కనబడాలని హాల్లో వెలుతురున్న చోటు వెతుక్కుని కూర్చున్నాను. మా ఇంట్లో వెలుతురుండేది ఆ కిటికీ దగ్గరే.

తెర మీద ఒక గడిలో ఫ్రావ్ కెలర్, ఒక గడిలో దనూతా. దనూతా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఉతికిన తెల్ల చొక్కా వేసుకుంది. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. నియమం ఎందుకు పెట్టామో చెప్పాను. బస్సు టికెట్ ముక్క కూడా చెప్పాను. ఇంట్లో మొక్కలు పెంచేవాళ్లు తల్లి గదికి ఎంత ప్రమాదమో వివరిస్తుండగా, వంటింట్లోంచి భారతి వచ్చింది. నా వెనక్కి వెళ్లి టకటకా రెండు రెమ్మలు విరిచింది.

"పోపులోకండీ. మీరు కానివ్వండి," అని వెళ్లిపోయింది.

ఫ్రావ్ కెలర్ తెరకి దగ్గరగా జరిగింది.

"హెర్ రావు, అదేమిటి?"

"మా ఆవిడండీ."

"ఆవిడ కాదు. మీ వెనక ఉన్నది."

"కరివేపాకు. వంటలో వేసుకుంటాం."

"అది మొక్కా?"

నేను వెనక్కి తిరిగి చూశాను. కుండీ ఉంది. మట్టి ఉంది. కాండం, కొమ్మలు, చిగుళ్లు, అన్నీ ఉన్నాయి. ఉప్పు, పసుపు, ఆవాలు, కరివేపాకు అని నేను పుట్టినప్పటి నుంచీ ఒకే వరసలో వింటూ వచ్చాను. మొక్కలున్నాయా అని ఎవరడిగినా నా కళ్లముందు పూలకుండీలు, తులసికోటలు మెదిలేవి గాని, పోపు సామాను మెదల్లేదు. మొక్కల మీదే బతికిన మనిషికి తన హాల్లో ఉన్నది మొక్క అని ఒక జర్మన్ ఆవిడ చెప్పాల్సి వచ్చింది.

"మీ భూతద్దం మెడలోనే ఉంది," అంది ఫ్రావ్ కెలర్. "చూడండి. మేం ఆగుతాం."

లేచి ఒక రెమ్మ వంచి ఆకు తిప్పాను. ఇనుము తక్కువ కాదు. గుంటూరు మిరప చేలో పిల్లవాడు కూడా గుర్తుపట్టే నల్లి. నేను కొన్ని నెలలుగా దానికి మజ్జిగ పోసి పెంచుతున్నాను. ఎలా వెళ్లి ఉంటుందో కూడా ఆ క్షణంలోనే తట్టింది. రోజూ ఆకు కోయడానికి వంగినప్పుడల్లా నా మెడలోని ఆ నూలు తాడు కొమ్మలకి రాసుకునేది. బట్టలన్నీ మార్చుకుని, ఆ తాడు మాత్రం మార్చకుండా తిన్నగా తల్లి గదిలోకి వెళ్లేవాణ్ణి. ఇది ఎవరూ రుజువు చేయలేదు. నాకు రుజువు అక్కర్లేకపోయింది.

"హెర్ రావు?"

"ఉన్నాయి," అన్నాను. "దనూతా తేలేదు. నేను తెచ్చాను."

దనూతా తన మైకు ఆపేసింది. తల వంచుకుంది. ఏడుస్తోందేమో అని భయపడ్డాను. భుజాలు కదులుతున్నాయి. తల ఎత్తాక చూస్తే నవ్వు, కళ్లలో నీళ్లు, రెండూ ఉన్నాయి. కాని ఆ నవ్వు చూశాక నాకు సిగ్గు ఇంకా ఎక్కువైంది. ఒక మనిషి అన్నం తీసేయడానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాను నేను.

రాజీనామా చేస్తానన్నాను. "ముందు గది శుభ్రం చేయండి," అంది ఫ్రావ్ కెలర్. "దనూతా ఉద్యోగం ఖాయం. ఇక మీ నియమం ప్రకారం ఆ చెట్టు సంగతి చూడండి. దానికి బస్సు టికెట్ కొనాల్సి వస్తుందేమో." ఆవిడ నవ్వును ఆఫీసుకి తెచ్చింది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత

భారతికి చెబితే గరిటె పక్కన పెట్టింది.

"ఆ ఉద్యోగం మానేయండి. గంజాయి ఎక్కడైనా దొరుకుతుంది. కరివేపాకు దొరకదు."

"వయసు చూడవే. ఇంకెవరిస్తారు నాకు పని?"

"దేవుడి మొక్కకి చోటు లేదన్నారు. ఊరుకున్నాను. ఇప్పుడు దీని మీద పడ్డారా?"

రెండు రోజులు మా ఇంట్లో మాటల్లేవు. క్వారంటైన్‌లో మాట్లాడకుండా ఉండటం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. చివరికి తనే సబ్బునీళ్లతో ఆకు ఆకూ కడిగింది. క్వారంటైన్ అయిపోయాక వరంగల్ అమ్మాయి ఇద్దరు స్నేహితురాళ్లతో వచ్చి, మెట్ల మీది నుంచి కుండీ దింపుకుని వాళ్ల హాస్టల్‌కి తీసుకుపోయింది. "మీకు రెమ్మలు మేమే తెచ్చిస్తం ఆంటీ, ఫికర్ చెయ్యకుండ్రి," అంది. తెచ్చేది కూడా. నేను ఇంట్లో లేనప్పుడు తెచ్చి, కడిగించి, ఫ్రిజ్‌లో పెట్టించి వెళ్లేది.

తల్లి గదిలో ఒక రకం మొక్కల్ని మొత్తం కొట్టేయాల్సి వచ్చింది. మిగతావాటి మీద హాలండ్ నుంచి తెప్పించిన వేటనల్లుల్ని వదిలాం. ఇవి పంటను ముట్టుకోవు, ఎర్రనల్లిని తిని బతుకుతాయి. కొట్టేసే పని నేనూ దనూతా కలిసి చేశాం. ఇద్దరం సంచి మీద సంచి నింపాం.

"క్షమించండి," అన్నాను. "మీ నారు విషయంలోనూ, మీటింగు విషయంలోనూ."

"పారేసే నాటికి నారు బాగా వచ్చింది ఈసారి," అంది. ఇంకో సంచి నింపాక, "మీ ఆవిడ ఆ ఆకుతో ఏం వండుతుంది?" అని అడిగింది.

"పప్పు."

"బాగుంటుందా?"

"ఇక అంత బాగుండదు."

మీరు ఈ పనిలోకి వస్తే వచ్చిన రోజే మీ ఇల్లంతా ఒకసారి తిరగండి. మొక్క అని మీరు పిలవని మొక్క ఏదో ఒకటి ఉంటుంది. మనవాళ్ల ఇళ్లలో అయితే అది వంటింటికి దగ్గర్లోనే ఉంటుంది. రెండోది, ఎవరైనా నిజం ఒప్పుకుంటే ముందు వాళ్లను వదిలేసి, ఏమీ లేదన్నవాళ్ల ఇళ్లు వెతకండి. నా ఇంటితో మొదలుపెట్టి ఉంటే సరిపోయేది.

కిందికి దింపడం

నేను దిగిపోయే రోజుకి తల్లి గది దనూతా చేతిలోకి వచ్చింది. ఆఖరి రోజు గేటు దగ్గర ఒక చిన్న కవరు నా చేతిలో పెట్టింది. ఊపితే గలగలమంది.

"అమ్మమ్మ విత్తనం," అంది. "విత్తనాలు మొక్కలు కావు, కాబట్టి దాచుకున్నాను. మీకిప్పుడు నియమం లేదు. నాకు రిటైరయ్యేదాకా ఉంది. మీరు పెంచండి."

కంపెనీలో నాకు చాలామంది చాలా మంచి మాటలు చెప్పారు ఆ రోజు. అవేవీ గుర్తులేవు. ఆ కవరు పట్టుకుని కారులో కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఇప్పుడు మా బాల్కనీలో తులసి ఉంది. హాస్టల్ పిల్లలు చదువులైపోయి వెళ్లిపోతూ తిరిగిచ్చిన కరివేపాకు ఉంది. ఒక వారన దనూతా టమాటాలు కర్రలకు కట్టి ఉన్నాయి. వంకర టింకరగా, గుమ్మడికాయల్లా చారలతో కాస్తాయి. వేసవిలో శనివారాలు దనూతా, వాళ్లాయన మా వీధిలోకి వస్తారు. నియమం ఉంది కనుక ఆవిడ పైకి రాదు. పేవ్‌మెంట్ మీద, మా బాల్కనీకి బాగా ఎడంగా, చేతులు కట్టుకుని నిలబడుతుంది. వాళ్లాయన బాల్కనీ కిందికి వస్తాడు. నేను అదే తాడుకి సంచి కట్టి టమాటాలు దింపుతాను. సంచి ముట్టుకునేది ఆయన, కడిగేది ఆయన, వండేది ఆయన.

మొన్న శనివారం సంచి సగం దిగాక దనూతా అక్కడి నుంచే కేకేసింది.

"హెర్ రావు, ఆకుల అడుగున చూశారా?"

"పొద్దున చూశాను."

"భూతద్దంతోనా?"

"భూతద్దంతోనే."

"మళ్లీ చూడండి. మేం ఆగుతాం."

తాడు కటకటాలకి కట్టేసి, లోపలికి వెళ్లి భూతద్దం తెచ్చుకున్నాను.